ఎన్కకు మలుపు

లాగ్ చూపించనిదే నేను దేన్నీ నమ్మను. కంప్యూటర్‌లో ఏ చిన్న పని జరిగినా దాని జాడ ఎక్కడో ఒక చోట నమోదవుతుంది. దాన్నే మేం లాగ్ అంటాం. ఏళ్ల తరబడి ఆ జాడలు వెతికి జీతం తీసుకుంటున్నదాన్ని, జాడ లేని దయ్యాలనూ పూనకాలనూ ఎలా నమ్ముతాను? "దీనికి దేవుడు కనవడ్డా ఐడీ కార్డు అడుగుతది" అని అమ్మ ఎగతాళి చేసేది. నేను కాదనేదాన్ని కాదు. నిజంగానే అడిగేదాన్ని.

అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నాళ్లు వెనకాడాను.

మాది పాతబస్తీలో ఛత్రినాక. బాపు బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. కింద అమ్మా బాపూ, అన్నా సునీత వదినా, వాళ్ల పాప చిన్ని ఉంటారు. మేడ మీద గది నాది. ఆఫీసు ఊరికి ఆ చివర ఉంది కాబట్టి ఎక్కువ రోజులు ఆ గదిలోంచే పని చేస్తాను. మా వాళ్లు తయారుచేసిన కొత్త సాఫ్ట్‌వేర్‌ను పాతదాని స్థానంలో ఎక్కించడం, సరిగ్గా కూర్చుందో లేదో చూడడం, తేడా కొడితే పాతదాన్నే మళ్లీ పెట్టేయడం నా ఉద్యోగం. ఈ చివరి పనిని రోల్‌బ్యాక్ అంటారు. అంటే వెనక్కి తిప్పడం.

మా క్లయింటు ప్రసూతి ఆసుపత్రులు నడిపే సంస్థ. వాళ్ల దగ్గర ఒకే మనిషి పేరు రెండుసార్లు నమోదైన కేసులు బోలెడున్నాయి. పేరు, ఫోన్ నంబరు, అడ్రసు కలిస్తే ఆ రెండింటినీ ఒక్కటి చేసేసే ప్రోగ్రాం రాశాం. దాన్ని ఎక్కించడానికి పైవాళ్లు ముహూర్తం పెట్టింది సరిగ్గా మా పాతబస్తీ బోనాల ఆదివారం నాడు.

"ఆ రోజు మా గల్లీలో నా మాట నాకే వినపడదు" అని మొత్తుకున్నాను. మా టీమ్ లీడ్ ప్రదీప్ బెంగళూరులో ఉంటాడు. "మ్యూట్‌లో ఉండండి" అన్నాడు చాలా తేలిగ్గా. ఆయనకు తీన్మార్ డప్పుల సంగతి ఏం తెలుసు? మ్యూట్ నొక్కితే నా గొంతు ఆగుతుంది గానీ గోడలు అదరడం ఆగుతుందా?

ఆ రోజు పొద్దుటి నుంచే ఇంట్లో ఒకటే లొల్లి. పోయినేడు చిన్నికి జ్వరం వచ్చి తగ్గినప్పుడు వదిన ఎత్తే పెద్ద బోనం కాకుండా దాని పేరు మీద వేరే చిన్న బోనం ఎత్తిస్తానని అమ్మ మొక్కుకుంది. తీరా ఆ రోజు పసుపు పూస్తుంటే చిన్న కుండ చేతిలోంచి జారి పగిలింది. "గిప్పుడు కుండ యాడ దేవాలె? ఇద్దరిది ఒక్క బోనంలనే పెడదాం. అమ్మవారేమన్కోదు" అని అమ్మే తీర్పు చెప్పేసింది. వదిన వంగి పెంకులు ఏరింది. ఆమె అసలే ఏమీ అనదు. పెళ్లై వచ్చినప్పటి నుంచి ఆమె గొంతు పెంచగా నేను వినలేదు.

నేను చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని పైన కూర్చున్నాను. ప్రోగ్రాం ఎక్కింది. కలపాల్సిన రికార్డులన్నీ కలిశాయి. తెర మీద అన్నీ పచ్చగా ఉన్నాయి, అంటే మా భాషలో అంతా సక్రమంగా ఉన్నట్టు. ప్రదీప్ అప్పుడే అందరికీ అభినందనలు పంపేశాడు. ఇక నేను ఖరారు చేయడమే మిగిలింది. ఖరారు చేస్తే పాత రికార్డుల నకలు చెరిగిపోతుంది, వెనక్కి తిప్పడం కుదరదు. కొత్త రికార్డుల ప్రకారం సాయంత్రం మందుల వివరాలు వార్డుల్లోని నర్సులకు వెళ్తాయి.

సరిగ్గా అప్పుడు మా ఇంటి ముందు డప్పులు అందుకున్నాయి. నా బల్ల మీద గ్లాసు కదులుతోంది. పోతరాజు కొరడా చప్పుడు హెడ్‌ఫోన్లు దాటుకుని వినిపిస్తోంది. నిజం చెప్పొద్దూ, నా కాళ్లు కుర్చీ కింద చిందులేస్తున్నాయి. ఇది అయిపోగొట్టి కిందికి ఉరకాలని ఒకటే తొందర. మౌస్ మీద చెయ్యి పెట్టాను.

గుమ్మంలో వెలుగు కనిపించింది.

సునీత వదిన. నెత్తిన బోనం, బోనం మీద దీపం. మా మేడ మెట్లు ఇరుకైన ఇనుప మెట్లు. ఖాళీ చేతులతో ఎక్కేటప్పుడే నేను కమ్మీ పట్టుకుంటాను. ఆమె బోనాన్ని గానీ కమ్మీని గానీ పట్టుకోలేదు. రెండు చేతులూ పక్కకు వదిలేసి ఉన్నాయి. దీపం రెపరెపలాడడం కూడా లేదు. కళ్లు నా వైపే ఉన్నాయి, కానీ చూస్తున్నది మా వదిన కాదు అనిపించింది. ఒళ్లు జలదరించింది.

"తల్లిని బిడ్డను ఒకటి జేసిర్రు" అంది. గొంతు పెద్దదిగా, బరువుగా ఉంది. "తల్లిది తల్లికే. బిడ్డది బిడ్డకే. ఎన్కకు మలుపు బిడ్డా, ఎన్కకు మలుపు!"

వెనకే అమ్మ, వాడకట్టు ఆడవాళ్లు ఆయాసపడుతూ ఎక్కి వచ్చారు. అమ్మ వదిన కాళ్ల మీద పసుపు నీళ్లు పోసి చేతులు జోడించింది. "తప్పయింది తల్లీ, పిల్లకు ఏరే బోనం ఎత్తుతం, శాంతించు" అని వేడుకుంది. అందరికీ అర్థమైపోయింది. చిన్ని బోనాన్ని తల్లి బోనంలో కలిపినందుకు అమ్మవారికి కోపమొచ్చింది. వదినను మెల్లగా దింపుకుని వెళ్లారు. ఎవరో కొత్త కుండ కోసం పరుగెత్తారు.

నేను ముందు నవ్వుకున్నాను. ఎన్కకు మలుపు అంటే మా ఆఫీసు భాషలో రోల్‌బ్యాక్ కదా! ఛత్రినాక అమ్మవారికి సాఫ్ట్‌వేర్ కూడా వచ్చన్నమాట అనుకున్నాను. మళ్లీ మౌస్ పట్టుకున్నాను. కానీ వేలు కదల్లేదు.

తల్లిని బిడ్డను ఒకటి జేసిర్రు.

మాది ప్రసూతి ఆసుపత్రుల క్లయింటు. పుట్టిన పిల్లలకు వెంటనే పేరు ఉండదు. ఆసుపత్రిలో తల్లి పేరు ముందు 'బేబీ ఆఫ్' అని చేర్చి రాసుకుంటారు. ఫోన్ నంబరు తల్లిదే, అడ్రసూ తల్లిదే. మా ప్రోగ్రాం పేర్ల ముందుండే మిస్టర్, మిసెస్, డాక్టర్ లాంటి తగిలింపుల్ని కత్తిరించి మిగతాది పోలుస్తుంది. 'బేబీ ఆఫ్' కూడా అలాంటి తగిలింపే అనుకుని ఉంటే?

కలిసిపోయిన రికార్డుల్లో 'బేబీ' అని వెతికాను. తెర నిండిపోయింది. కిందికి జరిపేకొద్దీ వస్తూనే ఉన్నాయి. ఆసుపత్రి మంచాల మీద ఆ నిమిషాన ఉన్న పసికందులు ఎందరో, తల్లుల రికార్డుల్లో కలిసిపోయి ఉన్నారు. తల్లికి రాసిన బీపీ మాత్రలు, నొప్పి మాత్రలు బిడ్డ పేరు మీద కూడా కనిపిస్తున్నాయి. పరీక్షల కోసం మేం కల్పించిన రోగులందరికీ మేమే చక్కటి పేర్లు పెట్టాం. పేరే లేని మనిషి కూడా ఉంటాడని మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఎవరినీ అడగలేదు. రోల్‌బ్యాక్ నొక్కేశాను. పని ఎంతవరకు అయ్యిందో చూపే గీత తెర మీద ఈ చివరి నుంచి ఆ చివరికి పాకుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టుకుని చూశాను. పిల్లలంతా తల్లుల నుంచి విడివడి ఎవరి రికార్డుల్లోకి వాళ్లు వచ్చేశాక గట్టిగా అరిచాను. మ్యూట్‌లో ఉన్నాను కాబట్టి సరిపోయింది.

ప్రదీప్ మొదట మండిపడ్డాడు. నేను చూపించాక, పంపిన అభినందనల్ని తనే చెరిపేశాడు. నిజమే, నర్సులు కళ్లు మూసుకుని పసిపిల్లలకు బీపీ మాత్రలు వేయరు. ఎక్కడో ఒక చోట ఎవరో ఒకరు పట్టుకునేవాళ్లే. కానీ ఒక్క చోట, బాగా అలిసిపోయిన ఒక్కరు పట్టుకోకపోతే?

ఆ తర్వాత ల్యాప్‌టాప్ మూసి కిందికి ఉరికాను. గుడి దాకా తీన్మార్ ఆడాను, చెప్పులు ఎక్కడ పోయాయో కూడా తెలియలేదు. ముందు వదిన పెద్ద బోనంతో, పక్కన చిన్ని తన చిన్న బోనంతో నడిచారు. వదినకు మేడ ఎక్కినట్టే గుర్తు లేదు.

మర్నాడు మీటింగులో పై మేనేజరు "ఈ తప్పును ఎవరు పట్టారు?" అని ఇంగ్లీషులో అడిగారు. "మా ఇంట్లో వాళ్లు" అనేశాను నోరు జారి. "ఇన్‌హౌస్ టెస్టింగా? చాలా మంచిది, ఇక ముందు కూడా అలాగే చేయండి" అన్నారు, మా సంస్థలోనే పరీక్షించామనుకుని. ప్రదీప్ కూడా తలూపాడు. నేను నాలుక కరుచుకున్నాను.

ఇక్కడి దాకా నా దగ్గర సమాధానం ఉంది. వదిన అన్నది బోనం గురించే. కూతురి మొక్కు మనసులో పెట్టుకుని కుమిలిపోయి ఉంటుంది, డప్పులకు అది పూనకమై బయటపడి ఉంటుంది. దాన్ని నా పనికి అన్వయించుకున్నది నేను. మేడ మీదికి ఎందుకొచ్చిందంటారా, ఎటో ఒకవైపు వెళ్లాలి కదా. నాకు నేను ఇలాగే సర్దిచెప్పుకున్నాను.

కానీ ఆ సోమవారం సాయంత్రం మేడ మీద వదిన బట్టలు తీస్తోంది. నేను అందుకుని మడతపెడుతున్నాను. ఆమె ఎప్పటిలాగే మెల్లగా, నా వైపు చూడకుండా అడిగింది.

"ఆ పసిపిల్లలు మంచిగున్నరా స్వప్నా?"

"ఏ పిల్లలు వదినా?"

ఆమె చేతిలో బట్ట అలాగే ఆగిపోయింది. "ఏమో... నువ్వే చెప్పినవ్ అనుకున్న. చెప్పలేదా?"

నేను చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, అన్నకు చెప్పలేదు. క్లయింటు సంగతులు బయట మాట్లాడనని ఉద్యోగంలో చేరిన రోజే సంతకం పెట్టినదాన్ని. ప్రదీప్‌తో నేను మాట్లాడినప్పుడు ఇంట్లో ఒక్కరు కూడా లేరు, అందరూ గల్లీలో డప్పుల మధ్య ఉన్నారు. పొద్దుటి మీటింగప్పుడు వదిన చిన్నిని తీసుకుని వాళ్లమ్మ ఇంటికి వెళ్లింది.

"అందరు మంచిగనే ఉన్నరు వదినా" అన్నాను. ఎందుకో ఏడుపొచ్చింది.

"సల్లగుండాలె" అంటూ ఆమె మళ్లీ బట్టలు తీయసాగింది.

ఆమెకు ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఎన్ని విధాల ఆలోచించినా అంతు చిక్కలేదు. లాగ్ చూపించమని మాత్రం నేను అడగలేదు.