స్నానశాల గోడ మీది బోర్డు

ఈ ఊరి తెలుగు ఆడవాళ్ళం కలిసి నడుపుకునే వాట్సాప్ గ్రూపులో ఈ సాయంత్రం, కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి ఒకతె ఒక ప్రశ్న పెట్టింది. అత్తామామలు వచ్చే నెలలో వస్తున్నారట, మామగారికి నడుంనొప్పట, ఊళ్ళో ఉన్న పాత వేడినీళ్ళ స్నానశాలకు పెద్దవాళ్ళను తీసుకెళ్ళొచ్చా, ముందే టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, తీసుకోవాలా అని. అరగంట తిరక్కుండా జవాబులు వచ్చిపడ్డాయి. ఒకామె టికెట్ల సంగతి చెప్పింది, ఒకామె లోపల ఒంటి మీద బట్టలుండకూడదని చెప్పి కళ్ళు మూసుకున్న కోతిబొమ్మ పెట్టింది, ఇంకొకామె "మామగారిని ఒక్కర్నే లోపలికి పంపు తల్లీ, నువ్వు బయట కూర్చుని కాఫీ తాగు" అంది. నేను కూడా "తీసుకెళ్ళండి, కానీ" అని రాసి, ఆ కానీ దగ్గర చాలాసేపు ఆగి, మొత్తం చెరిపేశాను. పాప నిద్రపోయింది. అక్కడ రాయలేనిది ఇక్కడ రాసుకుంటున్నాను. నా ఈడువాళ్ళకు, చంటిపిల్లను ఒళ్ళో పెట్టుకుని ఒంటిచేత్తో ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకున్నవాళ్ళకు, ఇందులో సగం నేను చెప్పకుండానే తెలుస్తుంది.

మాది జర్మనీలో వీస్‌బాడెన్. ఊరి నడిమధ్య భూమిలోంచి ఉడుకునీళ్ళు ఉబికి వస్తుంటాయి. చలికాలం పొద్దున ఆ పక్కగా నడిస్తే ఆవిరి మొహానికి తగులుతుంది, తుప్పు వాసనా ఉప్పు వాసనా కలిసిన ఒక వింత వాసన వేస్తుంది. నేను పెళ్ళయి వచ్చిన కొత్తలో మా ఆయన నన్ను మొదట తీసుకెళ్ళి చూపించింది ఆ ఆవిరే. ఈ నీళ్ళ కోసమే ఒకప్పుడు రాజులూ జమీందార్లూ వచ్చేవారని, వాళ్ళ కోసం కట్టిన స్నానశాలల్లో ఇప్పుడు టికెట్టు కొనుక్కుని ఎవరైనా దిగవచ్చని చెప్పాడు. మనమూ ఒకసారి వెళ్దామనుకుంటూ రెండేళ్ళు గడిపేశాం. బట్టల్లేకుండా దిగాలన్న మాట వినగానే నాకు కాళ్ళు ముందుకు పడేవి కావు.

నేను చెప్పబోయేది నాలుగేళ్ళ కిందటి నవంబరు సంగతి. అప్పుడు పాపకు ఏడో నెల. నేను ఇంజనీరింగ్ చదివి, పెళ్ళయి ఇక్కడికి వచ్చి, కడుపుతో ఉండగానే జర్మన్ క్లాసులకు వెళ్ళి, వాంతులు చేసుకుంటూ పరీక్షలు రాసి, మా క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆ భాష పుణ్యమా అని ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. డిసెంబరు ఒకటిన చేరాలి. పాపకు కీటాలో, అంటే ఇక్కడి పిల్లల సంరక్షణ కేంద్రంలో, చోటు దొరికేది మాత్రం జనవరి మధ్యలో. ఆ ఆరేడు వారాలు పాపను చూసుకోవడానికి మూడు నెలల వీసా మీద మా అత్తయ్య వచ్చారు. అత్తయ్య ఉంటే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే లేదు, లెక్క అంతే. మా ఆయన సెలవు పెట్టే ప్రసక్తి మా ఇంట్లో ఎవరి నోటి నుంచీ రాలేదు, నా నోటి నుంచి కూడా రాలేదు.

అత్తయ్యది భద్రాచలం వైపు. మనిషి మంచిదే. పాపను కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోస్తే, నా దగ్గర గుక్కపట్టి ఏడ్చే పిల్ల ఆవిడ దగ్గర కిక్కురుమనేది కాదు. కాని నవంబరు రాగానే ఆవిడ మోకాళ్ళు బిగుసుకుపోయాయి. మధ్యాహ్నం నాలుగింటికే చీకటి పడడం చూసి ఇదేం దేశం అని దిగులు పెట్టుకున్నారు. మూడంతస్తుల మెట్లు దిగలేక వారాల తరబడి కిటికీ దగ్గరే కూర్చున్నారు. ఒకరోజు అన్నం కలుపుతూ, "నావల్ల కాదు బిడ్డా, నన్ను పంపించెయ్యండి, నేనుండి నీకు చేసేదేముంది, నాకు చేసేదే నీకు పనైపోయింది" అన్నారు. ఆ మాటలో తప్పేమీ లేదు. కాని ఆ రాత్రి డిసెంబరు ఒకటికి ఇంకా ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టుకున్నాను.

స్నానశాలకు వెళ్దామన్న ఆలోచన నాదే. ఇది దాచుకోను. అత్తయ్య చిన్నతనంలో వాళ్ళ ఊరి దగ్గర గోదావరి ఇసుకలో గుంట తవ్వితే వేడినీళ్ళు ఊరేవట, వాళ్ళ నాయనమ్మ అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే నొప్పులన్నీ లాగేసేవట. ఆ కథ ఎన్నోసార్లు చెప్పారు. అట్లాంటి నీళ్ళే ఇక్కడా ఉన్నాయత్తయ్యా అన్నాను. ఆవిడ మొహం వెలిగింది. వారంలో ఒకరోజు ఆడవాళ్ళకు మాత్రమే అని, బట్టల సంగతి భయపడుతూ చెబితే, "అందరూ ఆడోళ్ళేగా, నాకు లేంది వాళ్ళకేముంది, వాళ్ళకు లేంది నాకేముంది, నువ్వు సిగ్గుపడకు ముందు" అని నవ్వారు. ఆవిడకు అది ఈతకొలను కాదు, తీర్థం. పొద్దున్నే ఇడ్లీ పెడితే స్నానం చేసొచ్చి తింటానన్నారు. పుణ్యస్నానానికి తిని వెళ్ళడమేమిటని, కాఫీ కూడా ముట్టలేదు. బీపీ మాత్ర మాత్రం గుక్కెడు నీళ్ళతో వేసుకున్నారు. నేనూ మా ఆయనా చూస్తూనే ఉన్నాం. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు స్నానం కాకుండా తినకపోవడం ఎంత మామూలంటే, అది మాకు చూసినట్టు కూడా అనిపించలేదు.

మా ఆయన సగం రోజు సెలవు పెట్టి మమ్మల్ని దింపడానికి వచ్చాడు. పాప బండిలో పడుకుంది. టికెట్ల కిటికీ పక్కన గోడకు పెద్ద బోర్డు ఉంది. నేను చదివి తెలుగులో చెబుతుంటే అత్తయ్య శ్రద్ధగా తల ఊపుతున్నారు. ముందు షవరు కింద ఒళ్ళు కడుక్కోవాలి, గట్టిగా మాట్లాడకూడదు, తువ్వాలు పరుచుకోకుండా చెక్క బల్లల మీద కూర్చోకూడదు. ఆ తరువాత ఎర్రగీతల మధ్య నాలుగు వాక్యాలున్నాయి. నేను నోరు తెరవబోతుంటే మా ఆయన వాటి మీదున్న గుండె బొమ్మ చూసి, చెవి దగ్గరికి వంగి, "అవన్నీ వద్దు, స్కిప్ చెయ్యి. అమ్మ వింటే ఇక్కణ్ణుంచే వెనక్కి తిరుగుతుంది" అన్నాడు.

ఆయనకు ఆ భాష చదవడం అప్పటికి రాదు. అందులో ఏముందో అడగలేదు. నాకు వచ్చు, నేను చదివాను. గుండెజబ్బో రక్తపోటో ఉన్నవాళ్ళు వైద్యుణ్ణి అడిగి దిగాలి. ఖాళీ కడుపుతో దిగకూడదు. ఒక్కసారికి పావుగంట మించి నీళ్ళలో ఉండకూడదు. పైకి వచ్చేటప్పుడు నెమ్మదిగా రావాలి. ఆ నాలుగూ మనసులో చదువుకుని, "అంతే అత్తయ్యా, పదండి" అన్నాను.

లోపల ఎంత అందంగా ఉందో చెప్పకపోతే అబద్ధమవుతుంది. ఆకుపచ్చ పలకల గోడలు, ఎత్తయిన కమాన్లు, అరిగిపోయిన పాలరాతి మెట్లు, నీళ్ళ మీద ఆవిరి, ఆ ఆవిరిలో ఏ వయసు ఒళ్ళయినా ఒకేలా కనిపించే మసక వెలుతురు. నేను తువ్వాలు పట్టుకుని గోడ వెంబడి నడుస్తుంటే అత్తయ్య మాత్రం సొంత ఊరి రేవులో దిగినట్టు దిగారు. దిగి, "తూర్పెటు?" అని అడిగారు. కిటికీలు లేని ఆ హాల్లో స్టేషను ఎటుందో, మా ఇల్లు ఎటుందో వేళ్ళతో లెక్కపెట్టి ఒక మూల చూపించాను. అటు తిరిగి ముక్కు పట్టుకుని, గోదారమ్మను తలుచుకుని మూడు మునకలు వేశారు. ఎదురుగా ఉన్న ముసలావిడ ఒకామె కళ్ళు పెద్దవి చేసుకుని చూసి, నవ్వి, తను కూడా ఒక మునక వేసింది. నా పెళ్ళయ్యాక నేను అంత హాయిగా నవ్వింది అప్పుడే.

గోడ గడియారంలో పావుగంట అయింది. చూశాను. అరగంట అయింది. అదీ చూశాను. అత్తయ్య మెడ దాకా నీళ్ళలో ఉండి, కళ్ళు మూసుకుని, "మోకాళ్ళలో ఏదో గడ్డకట్టింది కరుగుతున్నట్టుంది బిడ్డా. వారానికోసారి ఇట్లా తీసుకొస్తే జనవరి దాకా ఉంటానే, పోయి చేసేదేముంది అక్కడ" అన్నారు. ఆ మాట విన్నాక లేవమనడానికి నాకు నోరు రాలేదు. ఇందులో మా ఆయన ప్రమేయం లేదు. ఆ తరువాతి పది నిమిషాలూ నావే, నా ఉద్యోగానివే.

ఇక చాల్లే అని ఆవిడే లేచారు. ఒక్కసారిగా లేచి రెండో మెట్టు మీద కాలు పెట్టి, అమ్మా అని కూడా అనకుండా జారిపోయారు. నుదురు పాలరాతి అంచుకు తగిలింది. అక్కడ పనిచేసే ఆవిడ పరుగెత్తుకొచ్చి, గంట నొక్కి, దుప్పట్లు కప్పి, కాళ్ళు ఎత్తి పట్టుకుంది. అంబులెన్సు వాళ్ళు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, ఈమె చివరిసారి ఎప్పుడు తిన్నారు అని. నిన్న రాత్రి అని చెప్పాను. స్ట్రెచర్ బయటికి వచ్చేసరికి మా ఆయన పాపను ఎత్తుకుని నిలబడి ఉన్నాడు. తల్లిని చూశాడు, తరువాత నన్ను చూశాడు. "నువ్వు చూసుకోలేదా?" అన్నాడు.

నుదుటికి అయిదు కుట్లు పడ్డాయి. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ప్రాణానికి ఏమీ ముప్పు లేదని, ఖాళీ కడుపు, మాత్ర, అంతసేపు వేడినీళ్ళు అన్నీ కలిసి రక్తపోటు పడిపోయిందని డాక్టరు చెప్పాడు. చెప్పి, తప్పుపట్టే గొంతుతో కాదు, మామూలుగానే, అక్కడ నియమాలు రాసి ఉంటాయి కదా, ఈమెకు ఎవరూ చదివి చెప్పలేదా అని అడిగాడు. అత్తయ్య మంచం మీద నుంచి, "ఏమంటున్నాడు?" అని నన్నే అడిగారు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన నేల వైపు చూస్తున్నాడు. "విశ్రాంతి తీసుకోమంటున్నారత్తయ్యా" అన్నాను. కుట్లతో పడుకున్న తల్లికి నీ కొడుకే చదవొద్దన్నాడని చెప్పడానికి అది సమయం కాదనుకున్నాను. ఆయనే చెబుతాడనుకున్నాను, ఆ రోజు కాకపోతే మర్నాడు.

మర్నాడు బావగారు హైదరాబాదు నుంచి ఫోన్ చేశారు. నేను వంటింట్లో పాపకు ఉగ్గు కలుపుతున్నాను. ముందుగదిలోంచి మా ఆయన గొంతు వినబడింది. "తనకి భాష వచ్చు కదన్నా, తనే చదివింది. నాకేం తెలుసు." ఆ మాటల్లో ఒక్కటి కూడా అబద్ధం లేదు. అందుకే ఇన్నేళ్ళయినా నేను దాన్ని పట్టుకుని కొట్లాడలేకపోయాను.

వారం తిరక్కుండా బావగారు టికెట్టు పంపారు. విమానాశ్రయంలో అత్తయ్య నా తల నిమిరి, "నువ్వేం మనసులో పెట్టుకోకు, పరాయి భాషాయె, నీకు మాత్రం అంతా ఎట్లా తెలుస్తుంది" అన్నారు. ఆవిడ తిట్టి ఉంటే నేను ఏదో ఒకటి అనేదాన్నేమో. క్షమించారు. మా ఆయన సామాను బండి తోసుకుంటూ రెండడుగులు ముందుకు వెళ్ళిపోయాడు. అదే మాట ఊళ్ళో చుట్టాలందరికీ చేరింది. పిల్ల మంచిదే పాపం, భాషే సరిగా రాదు అని. పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు ఇప్పటికీ పిన్నత్తలు, ఇప్పుడైనా కాస్త నేర్చుకున్నావా అని ఆప్యాయంగా అడుగుతారు. నేర్చుకుంటున్నానండీ అంటాను.

కంపెనీకి చేరలేనని రాశాను. మర్యాదగా రెండు వాక్యాల జవాబు వచ్చింది. జనవరిలో కీటాలో పాపకు చోటు వచ్చేసరికి నా కుర్చీలో ఇంకెవరో ఉన్నారు. రెండేళ్ళ తరువాత దొరికింది వారానికి ఇరవై గంటల పని. నేను చదివిన చదువుతో దానికి పనిలేదు.

పోయిన ఆదివారం అత్తయ్యతో స్పీకరులో మాట్లాడుతున్నాం. మోకాళ్ళ సంగతి అడిగితే, "ఆ నలభై నిమిషాలే బిడ్డా నాకు నొప్పి లేంది, ఇప్పటికీ కలలోకి వస్తాయి ఆ నీళ్ళు" అన్నారు. మళ్ళీ వస్తారట, మళ్ళీ అక్కడికే తీసుకెళ్ళాలట. చూద్దాంలెండత్తయ్యా అన్నాను. నేను బాధపడుతున్నాననుకుని ఆవిడే సర్దిచెప్పారు. "ఈసారి ఆ బోర్డేదో మావాడు చదువుతాడులే. వాడు కూడా పరీక్ష పాసయ్యాడంటగా. నీకెందుకు ఆ శ్రమ." మా ఆయన నా పక్కనే ఉల్లిపాయలు తరుగుతున్నాడు. కత్తి ఒక్క క్షణం ఆగింది. నాలుగేళ్ళు ఎదురుచూసినదాన్ని, ఆ ఒక్క క్షణం కూడా ఎదురుచూశాను.

"సరేనమ్మా" అన్నాడు, తరగడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు తలుచుకుంటే, నాకు భాష వచ్చిన కొత్తలో సాయంత్రాలు ఇంకోలా ఉండేవి. టపాలో వచ్చిన ఉత్తరాలన్నీ ఆయన తెచ్చి నా ముందు పెట్టేవాడు. కరెంటు వాళ్ళవి, ఇంటి ఓనరువి, చివరికి దుకాణాల ప్రకటనలు కూడా. నేను ఒక్కొక్కటీ విప్పి తెలుగులో చదివి వినిపిస్తుంటే అన్నం తింటూ వినేవాడు. నేను తొందరపడి ఏదైనా దాటేస్తే, ఆ చిన్న అక్షరాలు కూడా చదువు, నువ్వు చదువుతుంటే బాగుంటుంది అనేవాడు. భాష రానివాడికీ వచ్చినదానికీ మధ్య అంత నమ్మకం ఉండేది. ఇప్పుడు ఆయన ఉత్తరాలు ఆయన ఫోనుకు చూపించుకుంటాడు, అది క్షణంలో తెలుగు చేసి పెడుతుంది. నన్ను ఏదీ చదవమని అడగడు. నేను నాకొచ్చినవి పక్కగదిలో కూర్చుని, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, పైకి వినబడకుండా చదువుకుంటాను.