నున్నటి బిళ్ల

ప్రేమ్‌రాజ్ చేసిన వినాయకుడి బొజ్జ మీద ఈగ వాలినా జారిపోతుందని ధూల్‌పేట్‌లో అనేవారు. చివరగా తడిచేత్తో ఒక్కసారి నిమిరితే బంకమట్టి అద్దంలా మెరిసేది. అచ్చుల్లో పోసిన విగ్రహాలు చౌకగా దిగాక ఆ చేతికి గిరాకీ పోయింది. మట్టి పనే కదా అని, ఉస్మాన్‌గంజ్‌లో సోమశేఖర్ సేటు గోదాం వెనక పెట్టిన రేకుల షెడ్డులో చేరాడు. ఇది కూడా పోతే మట్టి ముట్టుకునే దారి ఇంకొకటి లేదు.

అక్కడ చేసేవి బట్టల అద్దకంలో మిగిలిన రంగునీళ్లను శుభ్రం చేసే బిళ్లలు. మట్టిలో ఊక కలిపి కాలిస్తే, ఊక మాడిపోయి సన్నటి సందులు మిగులుతాయి. పైన, కంటికి ఆననంత మెత్తటి తెల్లపొడి పట్టించి తక్కువ సెగ మీద మళ్లీ కాలుస్తారు. నీళ్లు బిళ్లలోంచి ఊరుతుంటే, ఎండ తగిలిన పొడి ఆ రంగును విరిచేస్తుంది.

ప్రేమ్‌రాజ్ చేసిన మొదటి బట్టీ చూడముచ్చటగా వచ్చింది. నీళ్లు పోస్తే మాత్రం బిళ్ల మీదే నిలిచాయి. పచ్చి బిళ్లను తడిచేత్తో నిమిరేసరికి సన్నమట్టి పైకి తేలి సందులన్నీ పూడిపోయాయి. సేటు కోప్పడలేదు, నిమరొద్దన్నాడు. ప్రేమ్‌రాజ్ సరేనన్నాడు గానీ చెయ్యి వినలేదు. నీళ్ల గిన్నె దూరం పెడితే, నుదుటి చెమటతో బొటనవేలు తడుపుకునేది.

“గరుకుగ చేసుడు గూడ రాదా నీకు? గట్లయితే నా చపాతీలు పంపు, పాసైతయి,” అని ఇంట్లో భార్య సోనీ నవ్వింది. అతనికి నవ్వు రాలేదు.

రెండో బట్టీలోనూ సగం బిళ్లలు నీళ్లు వదల్లేదు. సేటు అతన్ని షెడ్డు మూలకు తీసుకుపోయాడు. అక్కడ మట్టిని బిళ్లలుగా నొక్కే కొత్త ప్రెస్సు ఉంది.

“ప్రేమన్నా, నీ చెయ్యి మస్తుగున్నది. నాకు గా చెయ్యితోనే తక్లీఫ్. రేపటి సంది దీని మీద కూసో. మట్టి పొయ్యి, పిడి గుంజు. బిళ్లను ముట్టకు.”

“ముట్టకుంటె మట్టి పనేంది సేటూ?”

“పనైతే ఉన్నది కదా. ఫికరెందుకు?”

మానేస్తానని చెప్పడానికే నోరు తెరిచాడు. తెరిచాక, మానేసి ఎటు పోవాలో తోచలేదు. ధూల్‌పేట్‌లో విగ్రహాలు చేసే తన అన్నల పెరట్లో కూడా ఇప్పుడు అచ్చులే.

ప్రెస్సు బిళ్లలు గరుకుగా, మొరటుగా పడ్డాయి. ఎర్రనీళ్లు వాటిలోంచి తేటగా దిగాయి. సేటు సంబరపడ్డాడు. ప్రేమ్‌రాజ్ ఎడంచేత్తో పిడి గుంజడం నేర్చుకున్నాడు. పచ్చి బిళ్ల పడేది కుడిపక్కకు. అందుకని కుడిచేతిని తొడ కింద అదిమిపెట్టుకుని కూర్చుంటున్నాడు.