ఫోన్‌గుండు

గోపాల్‌పేట దాటి లోపలికి పోతే వచ్చే ఆ ఊరికి సెల్‌ఫోన్లు ముందొచ్చాయి, సిగ్నల్ మాత్రం చాలా ఏళ్లకు గాని రాలేదు. అది వచ్చేదాకా అందరికీ గుట్ట మీది రాతిగుండే దిక్కు. ఆ గుండు నడుమ అరచేయంత గుంత ఉంది. నెట్ ఏమైనా దొరికితే ఆ గుంతలోనే. ఫోన్ చేతిలోకి తీసుకున్నామా, పోయేది. అందుకని దాన్ని అందులో నిలబెట్టి, ఎదురుగా కూర్చుని గొంతు చించుకోవాల్సిందే. మొగుడూపెళ్లాల మాటలైనా సరే, గుట్ట మీద ఎవరుంటే వాళ్లందరూ వినాల్సిందే.

రాధమ్మ సిగ్గుపడుతూనే ఎక్కేది. ఆమె పెనిమిటి దేవదాసు పుణెలో మేస్త్రీ కింద బిల్డింగు పని చేస్తూ ఏటా క్రిస్మస్‌కు ఇంటికొచ్చేవాడు. మిగతా ఏడాదంతా ఆ గుంతలోనే కనబడేవాడు, అదీ ముక్కలు ముక్కలుగా. "అన్నం తిన్..." అని, నోరు తెరుచుకుని ఆగిపోయేవాడు. తెర మీద చక్రం తిరుగుతూ ఉండేది.

"నీ మొగుడు ఇంక నోరు మూస్తలేడు సూడు రాధమ్మా, ఈగలు పోతయి," అనేది ఎంకమ్మ.

ఎంకమ్మది భూమి ఉన్న ఇల్లు. రాధమ్మ ఆమె చేనులో కూలికి పోయేది గాని, ఆ ఇంటి గడప దాటి లోపలికి ఏనాడూ పోలేదు. గుండు మీద మాత్రం ఇద్దరూ మోకాలికి మోకాలు ఆనించుకుని కూర్చునేవారు. హైదరాబాద్ హాస్టల్లో చదివే కూతురు నవనీత కోసం ఎంకమ్మా ఆ చక్రాన్నే చూడాలి మరి. అది తిరిగినంతసేపూ పల్లికాయలు ఒలుస్తూ కబుర్లు. దేవదాసు మళ్లీ కదిలేసరికి ఆయనకు చెప్పాల్సినవి పోగయ్యేవి. ఒకరు మరిచింది ఇంకొకరు అందించేవారు. ఎంకమ్మ ఇంట్లో పుట్టిన ఎర్ర పెయ్యదూడ ఒక్కచోట నిలవదని విని, దానికి 'సిగ్నల్' అని పేరు పెట్టింది కూడా పుణె నుంచి ఆయనే. ఎంత నవ్వారో ఆ రోజు!

నిరుడు ఊళ్లో టవరు లేచింది. గుండు దిక్కు చూసేవాళ్లే లేకుండా పోయారు. ఇంట్లో నెట్ నిండుగా వస్తున్నా, రాధమ్మ అలవాటు పోక ఫోన్ను రోట్లో నిలబెట్టి, దూరంగా కూర్చుని కేకలేసేది.

"నాకేం చెవుడు రాలే గదనే," అని విసుక్కునేవాడు దేవదాసు. ఆయన ముఖం ఇప్పుడు ఆగడం లేదు. ఆగినా బాగుండేది.

"తిన్నవా?"

"తిన్న."

"ఇంకేంది?"

"ఏం లేదు."

క్రిస్మస్‌కు రాలేదు. పని ఉందన్నాడు. ఫోన్లు కూడా తగ్గిపోయాయి. మనిషి ఊరిని, తనను మరిచిపోతున్నాడని రాధమ్మకు భయం పట్టుకుంది. ఇంత తేటగా కనబడుతున్న మనిషి చేజారిపోవడమేమిటో ఆమెకు అంతుపట్టలేదు.

ఎంకమ్మ చేనులో పల్లికాయ తెంపుతూ ఓ రోజు ఆ మాట చెప్పి ఏడ్చేసింది. ఎంకమ్మ చేతులు దులుపుకుని లేచింది.

"నడువ్, గుండెక్కుదం. నాకు గూడ ఇంట్ల తోస్తలేదు. నవనీత ఏందడిగినా ఊఁ అంటది, గంతే."

ఒడిలో ఇన్ని కాయలు కట్టుకుని, ఆయాసపడుతూ ఎక్కారు. గుంత నిండా ఎండుటాకులు. రాధమ్మ కొంగుతో తుడిచి ఫోన్ నిలబెట్టింది. టవరు పుణ్యమా అని వెంటనే కలిసింది.

ఎంకమ్మ అడ్డం దూరింది. "ఏం రా దేవదాసు, పండుగ ఎగ్గొడ్తవా? మా సిగ్నల్ ఈనింది, తెలుసా?"

"సిగ్నలా? ఏం పుట్టింది?"

"కోడెదూడ. దాని తల్లి లెక్కనే ఒక్కతాన నిలుస్తలేదు!"

గుట్ట మీద గాలి గుయ్యిమంటోంది. దేవదాసు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

"మల్ల ఆగింది నెట్టు," అంది రాధమ్మ.

"గీ టవరు గూడ గింతేనా! ఈగలు పోతయి రా," అని ఎంకమ్మ నవ్వబోయి ఊరుకుంది. కదలని ఆ ముఖం మీద కన్నీటి చుక్క ఒకటి జారుతోంది.

"గుండు మీద ఉన్నరా?" అన్నాడు దేవదాసు మెల్లగా. "మనోళ్లంత పని ఇడిసి ఊర్లకు పోయిండ్రు రాధా. ఈడ ఒక్కన్నే అయిన. ఫోన్ పెట్టకుండ్రి. జరసేపు గట్లనే మాట్లాడుకోండ్రి, నేను వింట."

ఇద్దరూ కళ్లు తుడుచుకుని కాయలు ఒలవడం మొదలుపెట్టారు. ఎవరి బోరు ఎండిందో, ఎవరింట్లో పెళ్లి కుదిరిందో చెప్పుకుంటూ పొద్దు గూకేదాకా కూర్చున్నారు. ఫోన్ పెట్టేముందు దేవదాసు గొంతు సవరించుకున్నాడు.

"ఎంకమ్మక్కా, ఆ కోడెకు పేరు పెట్టకుండ్రి. నేనొచ్చి పెడ్త."