చలానాలో మూడో కాపీ

నిన్న మా ఆఫీసులో పాత చలానా కట్టలన్నీ తూకానికి అమ్మేశారు. తడిసి ఆరిన కాగితం, తుప్పు పట్టిన గుండుసూదులు, కార్బను పొడి కలిసిన వాసన సాయంత్రం దాకా గదిలోంచి పోలేదు. ఇప్పుడు చలానా ఫోనులోనే పుట్టి ఫోనులోనే ఉండిపోతోంది. ఆ కట్టలతో పాటే రూతమ్మ గారి సంగతీ పోతుందనిపించి, ఓపిక లేకపోయినా ఇది రాస్తున్నాను. నా తప్పును ఆవిడ తన పేరు మీద వేసుకున్నారు కనుక రాయవలసింది నేనే.

మచిలీపట్నంలో పరీక్ష ఫీజుల దరఖాస్తులు తీసుకునే ఆఫీసులో ఆవిడ సీనియర్ అసిస్టెంటు. గూడూరు దగ్గర పల్లెలో చర్చి బడిలో చదువుకున్న మనిషి. నేను ఇంటర్‌తో ఆపేసి, మిగతా చదువంతా గుడివాడ గ్రంథాలయంలో చదువుకున్నవాణ్ణి. ఆ మాట ఎవరూ అడగకపోయినా చెప్పేవాణ్ణి. చేరిన మొదటి నెలలోనే నిఘంటువులు తిరగేసి చలానా పుట్టుక పట్టుకొచ్చాను. హిందుస్తానీలో 'చల్‌నా' అంటే నడవడం, 'చలాన్' అంటే నడిపించడం, పంపించడం. సరుకుతో పాటు పంపే చీటీకి ఆ పేరు. ఖజానాకు డబ్బుతో పాటు వెళ్లే కాగితానికీ అదే పేరైంది. రసీదు పారశీకం నుంచి వచ్చింది, 'చేరింది' అని అర్థం.

రూతమ్మ గారు కళ్లజోడు పైకి తోసుకుని విన్నారు. "బాగుందయ్యా. నడిచేవాటి పేరు చెప్పావు. నీ బల్ల మీద వారం నుంచి కూర్చున్నవాటినేమంటారో కూడా చూసి రా" అన్నారు. గదంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

చలానాకు మూడు కాపీలు. ఒకటి బ్యాంకుకు, ఒకటి ఆఫీసుకు, మూడోది కట్టినవాళ్లకు. ఆ మూడోదాన్ని ఆవిడ మనిషి చేతిలోనే పెట్టేవారు. మడిచి జేబులోనో సంచిలోనో దాచుకునేదాకా తర్వాతివాళ్లను పిలిచేవారు కాదు. వరుస గుమ్మం దాటేది.

"పారేసుకుంటారండీ, మన దగ్గరుంటే భద్రం కదా" అన్నానొకసారి.

"వాళ్లు పారేసుకుంటే మన దగ్గరికొస్తారు. మనం పారేస్తే ఎక్కడికెళ్తారు?"

నేను వినలేదు. ఆవిడ సెలవు పెట్టిన వారం, దివిసీమ నుంచి వానలో తడుస్తూ వచ్చినవాళ్ల మూడో కాపీని కూడా ఆఫీసు కాపీతో పాటు దరఖాస్తుకే గుచ్చేశాను. మేలు చేస్తున్నాననే అనుకున్నాను. వాళ్లలో నాగాయలంక నాంచారమ్మ గారు ఒకరు, అంగన్‌వాడీలో ఆయా. పదో తరగతి పాసైతే టీచరు పోస్టుకు పెట్టుకోవచ్చు. వయసు లెక్కన ఆమెకు అదే ఆఖరి ఏడు.

పరీక్షలకు నాలుగు రోజుల ముందు ఆమె వచ్చి, హాల్ టికెట్ రాలేదన్నారు. పై ఆఫీసుకు వెళ్లిన కట్టలో ఆమె దరఖాస్తు ఎక్కడో జారిపోయింది. "చలానా కాపీ చూపించండమ్మా" అన్నాను.

"మీరే ఉంచుకున్నారు కదండీ, నేను పారేసుకుంటానని" అన్నారు, తప్పు తనదైనట్టు మెల్లగా.

రూతమ్మ గారు నా వైపు చూడలేదు. ఆమెను వెంటబెట్టుకుని బ్యాంకుకు నడిచారు. మూడు రోజులు జాబితాలు వెతికించి పేరు పట్టుకున్నారు. అప్పటికే పై ఆఫీసులో పేర్లు చేర్చడం ఆపేశారు. పొరపాటు ఎవరిదని కాగితం వస్తే, తనదేనని రాసి సంతకం చేశారు. ఇంక్రిమెంటు ఆగింది. నేను నోరు విప్పలేదు.

"ఎందుకండీ అలా రాశారు?" అని నాలుగు రోజులయ్యాక అడిగాను.

"నీకింకా ప్రొబేషను. ఊడితే ఇంటికే. నేను తట్టుకుంటాలే. ఆదివారం నాగాయలంక బస్సెక్కు. ఆవిడకి నువ్వే చెప్పు."

"ఏమని చెప్పనండీ?"

"నీ నిఘంటువుల్లో వెతుక్కో."

వెళ్లాను. నాంచారమ్మ గారు వాకిట్లో రొయ్యలు ఎండబోస్తున్నారు. అంతా విని, "అయితే తప్పు ఆ పెద్దావిడది కాదా? కాపీలు ఉంచేయమని మీకు చెప్పింది తనేనని నాతో అన్నారే. అయ్యో, ఆవిణ్ణి నానా మాటలూ అనుకున్నానండీ" అన్నారు. పరీక్ష మళ్లీ రాయొచ్చన్నాను. "దేనికండీ?" అని, మళ్లీ రొయ్యల మీదికి వంగారు.

ఆమె ఆయాగానే దిగిపోయారు. రూతమ్మ గారు మొన్న వేసవిలో పోయారు. నేను ఇప్పటికీ ఫోను చలానాకు కూడా ప్రింటు తీసి చేతిలో పెడుతుంటాను. వచ్చినవాళ్లు విసుక్కుంటారు.

అడిగినప్పుడల్లా నిఘంటువులు తీసిచ్చిన గ్రంథాలయం సుబ్బారావు గారికి, బ్యాంకులో మూడు రోజులు జాబితాలు తిరగేసిన ఖాదర్ గారికి, మరిచిపోయినవి గుర్తుచేసిన రూతమ్మ గారి కోడలు ఎస్తేరుకు కృతజ్ఞతలు. నాంచారమ్మ గారికి ఆ మాట చెప్పే మొహం నాకు లేదు. అచ్చుకు పంపేముందు ఇదంతా ఆమెకు చదివి వినిపించాను.

"పెద్దావిడ తప్పు కాదని రాశారా?" అని ఒక్కటే అడిగారు.

రాశానండీ అన్నాను.