సవతి మీద ఫిర్యాదులు

దర్జీగారి భార్యకు ఉన్నది ఒకే ఒక్క దుర్గుణం. అసూయ. ఆయన కుట్టుమిషనుకు నూనె వేస్తే, "నా మోకాళ్లకు ఎప్పుడైనా రాశారా?" అనేది. ఆయనను గడియారం వంక రెండుసార్లు చూడనిచ్చేది, మూడోసారికి దాని మీద తువ్వాలు పడేది.

అలాంటి ఇంటికి పంపు వచ్చింది.

దర్జీగారికి పార్కిన్సన్స్ బాగా ముదిరింది. ఆరేళ్లు రెండు గంటలకొక మాత్ర ఆవిడే ఆయన నోట్లో వేసింది. ఒకటి అరిగి ఇంకొకటి పనిచేసేలోపు ఆయన సూది పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే బిగుసుకుపోయేవాడు. ఇప్పుడు అరచేతిలో పట్టే పంపొకటి సంచిలో ఆయన భుజాన వేలాడుతూ, సన్నటి గొట్టంతో పొట్ట చర్మం కిందికి రాత్రింబవళ్లు చుక్కచుక్కగా మందు పంపుతోంది. ఆ చేతులు మళ్లీ కాజాలు కుడుతున్నాయి. ఆయనకు ప్రాణం లేచివచ్చింది, ఆవిడకు ఒళ్లు మండింది.

"భోజనం దగ్గరా అదే, పడకలోనూ అదే! ఇక నేనెందుకండీ?"

"యంత్రమే అది. దానికి మనసుంటుందా?"

"అది కూత పెడితే ఉలిక్కిపడి చూస్తారుగా! నేను పిలిస్తే ఏనాడన్నా పలికారా?"

రోజూ పొద్దున్నే మందు నింపేదీ, పొట్ట మీద గొట్టం సూది చోటు మార్చేదీ ఆవిడే. చేస్తున్నంతసేపూ ఆ సవతిని తిట్టేది. తిట్టి ఊరుకోక, ఒక నోటుపుస్తకం పెట్టి దాని నేరాలు రాయడం మొదలుపెట్టింది. "డాక్టరమ్మకు చూపించి దీన్ని వెళ్లగొట్టిస్తాను" అంది.

దర్జీగారి గుండెల్లో రాయి పడింది. పంపు పోతే కత్తెర పోయినట్టే. మూడు నెలలకు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు, ఆయన సంచిని రెండు చేతులా పొదివి పట్టుకుని కూర్చున్నాడు. అది చూసి ఆవిడ కళ్లలో నిప్పులు పోసుకుంది.

డాక్టరమ్మ పుస్తకం తెరిచి పైకి చదివింది.

"సోమవారం సాయంత్రం నాలుగు. ఆయన చేతిలో గుండీ జారింది. ఇది నిద్రపోతోంది. మంగళవారం నాలుగుంబావు. గుమ్మం దగ్గర ఆయన కాళ్లు అంటుకుపోయాయి. ఇది చోద్యం చూస్తోంది. బుధవారం నాలుగు. కప్పు ఒలికింది. దీనికి సిగ్గు లేదు."

పుస్తకమంతా అదే వరస. తిట్లన్నీ పంపుకు, చూపంతా ఆయన మీద.

"సాయంత్రం పూట మోతాదు చాలడం లేదమ్మా. మీరు రాయకపోతే నాకు తెలిసేదే కాదు. కాస్త పెంచుతాను. లేదూ, తీసేయమంటారా?"

దర్జీగారు సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

"తీసేయమని ఎవరన్నారు?" ఆవిడ కస్సుమంది. "పనిదొంగది! గడ్డిపెట్టి పనిచేయించండి."

ఆయన తెల్లబోయాడు. "పుస్తకం నిండా నేనే ఉన్నానేమే?"

"మీకంత లేదు, నడవండి."

వీధిలోకి రాగానే ఆవిడ సంచి లాక్కుని తన భుజానికి తగిలించుకుంది.

"ఏమంత బరువని? నేను మోస్తాలేవే."

"మీరు మోస్తే దానికి పొగరెక్కుతుంది."

గొట్టం పొడవు మూరెడే. అందుకని ఇద్దరూ వీధి పొడవునా భుజాలు రాసుకుంటూ నడవాల్సివచ్చింది. ఎదురొచ్చిన కొత్త పెళ్లికూతురొకతె వాళ్లను చూసి, నాలుగడుగులు ముందు నడుస్తున్న తన మొగుడి వీపు వంక గుర్రుగా చూసింది.