నాన్నని ఏడిపించిన సినిమా అమ్మ

బహ్రెయిన్‌లోని రిఫాలో నేను పనిచేసే ఇంట్లో ఇవాళ బట్టలు మడతపెడుతుంటే, టీవీలో నా చిన్నప్పటి పాప్ గాయని ఒకావిడ నటించిన పాత సినిమా వచ్చింది. ఆవిడ పక్కన కూతురిగా వేసిన పిల్ల మొహం కనపడగానే నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లయినా ఆ కుళ్లు తగ్గలేదు.

మన ఈడు వాళ్లకి గుర్తుండే ఉంటుంది, క్యాసెట్టు రీలు చిక్కుపడితే పెన్సిలు పెట్టి తిప్పేవాళ్లం. నాన్న బహ్రెయిన్ నుంచి తెచ్చిన టేప్‌రికార్డరులో రోజంతా ఆవిడ పాటలే. నాన్న సెలవు మీద ఎప్పుడో గానీ వచ్చేవాడు కాదు. అలా ఒకసారి నాన్న వచ్చినప్పుడే ఆ గాయని మొదటిసారి సినిమాలో అమ్మ వేషం వేసింది. నాన్న నన్ను హాలుకి తీసుకెళ్లాడు.

తెర మీద ఆవిడ కూతురికి జడ వేస్తుంటే నాన్న కళ్లు తుడుచుకున్నాడు. నేను ఉడుక్కున్నాను.

“ఆ పిల్లంటే నీకంత ఇష్టమా నాన్నా?”

“ఆ పిల్ల కాదే అమ్మా. నీకు జడేసేంత జుట్టొచ్చిందని నేను మొన్న వచ్చాకే చూశాను,” అన్నాడు.

ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు. ఇంటికొచ్చేదాకా నేను నాన్న చెయ్యి మాత్రం వదల్లేదు.

ఇవాళ సినిమా అయ్యేసరికి ఈ ఇంటి చిన్నపిల్ల వచ్చి నా ఒళ్లో కూర్చుంది. అప్పుడే ఊరి నుంచి మా అమ్మాయి వీడియో కాల్ చేసింది.

“అమ్మా, ఆ పిల్లెవరు? ముందు దాన్ని కిందకి దించు,” అంది.

దాని గొంతులో ఉన్నదేంటో నాకు బాగా తెలుసు. పిల్లని దించాను.