పూరీ తిన్నోళ్లు

నాకు సంతకం వరకే వచ్చు. ఇది నోటితో చెబుతుంటే నా కూతురు రాస్తోంది. మధ్యలో ఆగి నవ్వుతోంది, రాయవే అంటే మళ్లీ రాస్తోంది.

మా ఆయన పోయాక ఇంట్లో వల వేసేవాళ్లు లేరు. పడవల వాళ్ల దగ్గర రొయ్యలు కొని, ఒలిచి, ఎండబెట్టి నాయుడుపేటలో అమ్ముతాను. బిడ్డ ఇంట్లోనే ఉండి ఇంగ్లీషు ఎమ్మే చదివింది. అన్నీ పాసైంది కానీ అమెరికా సాహిత్యం ఒక్కటే తప్పింది. ఈసారి గట్టెక్కితే నాయుడుపేట బళ్లో టీచరు ఉద్యోగం ఇస్తామన్నారు. మళ్లీ తప్పితే ఆ చోటు ఇంకొకరికి పోతుంది.

ఆ దేశంలో తొలినాటి రాతలు ఎన్నో రకాలట. ఏ రకం తరవాత ఏది వచ్చిందో పరీక్ష గదిలో కలగాపులగం అయిపోతోందని దాని బాధ. అందుకని మధ్యాహ్నం నాతోపాటు రొయ్యలు ఒలుస్తూ పైకి చదివేది. మొదట ఓడెక్కి వచ్చినవాళ్లు దేవుడి భయంతో రాశారట. వాళ్ల పేరు నా చెవికి పూరీ తిన్నోళ్లు అని వినిపించింది. నడిసముద్రంలో నూనె మూకుడు పెట్టారంటే కలిగినవాళ్లే అనుకున్నాను. తరవాత అన్నిటికీ బుద్ధే ముఖ్యమన్నవాళ్లు, ఆ తరవాత బుద్ధి కన్నా మనసు పెద్దదన్నవాళ్లు, చివరికి చెట్టూ చేమల మధ్య కూర్చుని దేవుణ్ణి తమలోనే వెతుక్కున్నవాళ్లు.

నీకేం అర్థమైందో చెప్పమంది.

"ఏముందిమే. పూరీ తిన్నారు, బుద్ధొచ్చింది, మనసు పడినారు, అడివికి పోయినారు."

మా పక్క దీవి నుంచి రాకెట్ లేచినప్పుడు ఇంటి రేకులు అదిరినట్టు అదిరిపడి నవ్వింది. ఒలిచిన రొయ్యలన్నీ ఒళ్లోంచి ఇసకలో పడ్డాయి.

"పూరీ కాదు మా, ప్యూరిటన్లు. పవిత్రంగా బతకాలన్నోళ్లు."

"పవిత్రమైనోళ్లు పూరీ తినగూడదా?"

పరీక్షలో మొదటి ప్రశ్నే ఏ రకం తరవాత ఏది వచ్చిందో రాయమనట. ముందు మళ్లీ అన్నీ కలగాపులగం అయ్యాయట. అంతలో నా మాట గుర్తొచ్చి కిసుక్కున నవ్విందట. కాపలా సారు వచ్చి చీటీ ఉందేమోనని బల్లంతా వెతికాడట. మా అమ్మ గుర్తొచ్చింది సార్ అంటే, నోరు మూసుకుని రాయమన్నాడట.

ఫలితాలు వచ్చిన పొద్దున నేను గంపలు కడుగుతున్నాను. అది గుమ్మంలో నిలబడి ఫోను చూస్తోంది. నేను కడిగిన గంపనే మళ్లీ కడిగాను.

చివరికి తలెత్తింది. "అమ్మా, ఇంట్లో గోధుమపిండి ఉండాదా?"

గట్టెక్కిందని తెలిసిపోయి గంప అక్కడే పడేశాను. పక్కింట్లో పిండి అడిగి తెచ్చి, అప్పటికప్పుడు మూకుడు పెట్టాను. కంగారులో పిండి పల్చనైంది, ఒక్క పూరీ పొంగలేదు.

"ఓడలో చేసినవి కూడా ఇట్నే ఉండుంటాయిలే మా," అంటూ తింది.